మొదటి గీత

ఆ ఉత్తరం మీద సంతకం పెట్టడానికి ఆమెకి అర నిమిషం కూడా పట్టలేదు. డైరెక్టరుగారి గుమాస్తా కాగితం బల్ల మీద పెట్టి, "ఇక్కడ మేడం, ఈ గడిలో" అని వేలితో చూపించాడు. ఆమె మైక్రోస్కోపు మీంచి తలెత్తి, కళ్ళు నులుముకుని, పైపైన చదివింది. నాలుగే వాక్యాలు. ఏడో నంబరు రీడరు చెప్పే వయసులు వరసగా మూడేళ్ళుగా మిగిలినవారి వాటితో కలవడం లేదు గనక, ఆ రీడరు అంకెల్ని ఇకమీదట ఆరు దేశాల ఉమ్మడి పట్టికలో చేర్చవద్దని కమిటీకి సిఫారసు. సంతకం చేసి, పెన్నుకి మూత పెట్టి, మళ్ళీ కంటిని మైక్రోస్కోపుకి ఆనించింది.

"టీ పంపించమంటారా?"

"పది నిమిషాలాగి పంపించు. ఈ ట్రే అయిపోనీ."

ఆమె పని చేపల వయసు చెప్పడం. చేప తలలో, మెదడు కింద, చెరో పక్కా తెల్లటి రాయి ఒకటి ఉంటుంది. పెద్ద చేపలోనైతే చిక్కుడు గింజంత. చెవిరాయి అంటారు. చెట్టు మానులో వలయాల్లాగా అందులో ఏడాదికో గీత పడుతుంది. రాయిని జిగురులో పోత పోసి, గట్టిపడ్డాక సన్న రంపంతో కాగితమంత పల్చగా కోసి, నునుపుగా నూరి, గాజుపలక మీద అతికించి దీపం కింద పెడితే గీతలు బయటపడతాయి. ఇక లెక్కపెట్టడమే. చెప్పుకోవడానికి ఇంతే గాని, ఏది గీతో, ఏది గీతలా కనిపించే మచ్చో పోల్చుకోవడం కంటికి అలవాటు కావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆమెకి పట్టింది. పదకొండేళ్ళ కిందట ఆమె రాసిన ముప్ఫై రెండు పేజీల చిన్న పుస్తకాన్నే ఈ సముద్రం చుట్టూ ఉన్న ఆరు దేశాల లాబుల్లోనూ పక్కన పెట్టుకుని లెక్కపెడతారు. ఏటా ఒక చెక్కపెట్టెలో రెండొందల రాళ్ళు దేశం నుంచి దేశానికి తిరుగుతాయి. తొమ్మిదిమంది రీడర్లు, ఒకరి అంకె ఒకరు చూడకుండా చదువుతారు. పేర్లుండవు, నంబర్లే. ఆమె ఒకటో నంబరు. మిగతా ఎనిమిది మందివీ తప్పో ఒప్పో తేలేది ఆమె అంకె పక్కన పెట్టి చూసినప్పుడే.

ఏడో నంబరు ఎప్పుడూ ఒకటి తక్కువ రాస్తుంది. అందరూ నాలుగన్న చోట మూడు. మూడన్న చోట రెండు. ఒక్క ఏడాది తేడా అని తీసిపారేయడానికి లేదు. వాళ్ళు వయసు లెక్కపెట్టే ఈ పసుపుపొట్ట చేపలు ఏ దేశపు మాటా వినకుండా ఆరు దేశాల నీళ్ళలోనూ తిరుగుతాయి. వలల్లో పడుతున్నవాటిలో సగం నాలుగేళ్ళవంటే, పెద్ద తరం ఇంకా సముద్రంలో ఉందని అర్థం. అప్పుడు ఏటా రెండు నెలలు వేట ఆపితే సరిపోతుంది. అవే మూడేళ్ళవంటే, పెద్దవి అయిపోయి పిల్లల మీద పడ్డామని అర్థం. అప్పుడు ఆపాల్సింది నాలుగు నెలలు.

టీ వచ్చేసరికి ఆమె ట్రే పూర్తయింది. ఆ వారమే తిరిగొచ్చిన చెక్కపెట్టెలో ట్రే సర్దబోతుంటే అడుగున మడత పెట్టిన కాగితం కనిపించింది. పెట్టె చివరిగా వెళ్ళొచ్చింది ఏడో నంబరు దగ్గరికే. కాగితం మీద నూట పద్నాలుగో రాయి ఫొటో, బాగా పెద్దది చేసి అచ్చువేసింది. నడిమి చుక్క చుట్టూ ఉన్న మొదటి గీత మీద ఎర్ర పెన్సిలుతో దిద్దారు. కింద ఆరు దేశాలవాళ్ళూ వాడుకునే భాషలో, ఒక్కో అక్షరం విడివిడిగా పేర్చినట్టున్న రాతలో, ఒకటే ప్రశ్న.

"ఈ గీత పడేనాటికి ఈ చేపకి ఏడాది నిండిందని మీకెలా తెలిసింది?"

నిష్ఠూరం లేదు, వాదన లేదు. ఆమెకి ముందు చిరాకేసింది. జవాబు పుస్తకంలో ఉంది, తొమ్మిదో పేజీలో. సొరుగు లాగి పుస్తకం తీసింది. "మధ్యబిందువునకు సమీపమున గల గీతను ప్రథమ సంవత్సరపు గీతగా తీసుకొనడమైనది." ఆమె రాసిన వాక్యమే. ఎవరు తీసుకున్నారో, ఏం చూసి తీసుకున్నారో అందులో లేదు. వెనక పేజీ తిప్పింది. ముందు పేజీ తిప్పింది. అక్కడా లేదు.

ఫొటో మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. మళ్ళీ తీసింది. టీ మీద మీగడ కట్టింది.

*

శుక్రవారమంతా ఆమె కాలు ఒకచోట నిలవలేదు. స్టోరు గదిలో పాత అట్టపెట్టెలు దించి, పదకొండేళ్ళ కిందటి తన నోటుపుస్తకాలు వెతికింది. దుమ్ముకి తుమ్ములు. నోటుపుస్తకాల్లో తారీకులున్నాయి, బరువులున్నాయి, పొడవులున్నాయి. అప్పట్లో ఆమె చేతికొచ్చిన అతి చిన్న చేప జానెడుంది. అంతకన్నా చిన్నది ఒక్కటీ లేదు. ఎందుకు లేదో గుర్తు చేసుకోవడానికి కష్టపడక్కర్లేకపోయింది. అప్పుడూ ఇప్పుడూ లాబుకి చేపలొచ్చేది పెద్ద పడవల నుంచే. వాటి వల కన్ను పెద్దది, వేలెడు చేప అందులో ఆగదు. ఏడాది నిండని చేప రాయిని ఆమె ఎన్నడూ కోసి చూడలేదు. ఆమే కాదు, ఆరు దేశాల్లో ఎవరూ చూడలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి వంటింట్లో అక్క పక్కన నిలబడింది. అక్కావాళ్ళది కింది వాటా, ఆమెది పైగది. అన్నం కిందే. అక్క పొయ్యి చూస్తూ ఉల్లిపాయలు తరగమంది. ఆమె ఒకటి అడ్డంగా కోసి, సగం చెక్క వెలుగులోకి పట్టుకుని నిలబడిపోయింది.

"దాని వయసు చెప్పక్కర్లేదే," అంది అక్క. "తరిగితే చాలు."

ఆమె నవ్వలేదు. అక్క కూర కలుపుతున్న గరిటె ఆపి చూసింది.

"నిన్నట్నుంచి చూస్తున్నాను. ముళ్ళ మీద కూర్చున్నట్టున్నావు. ఆఫీసులో ఎవరితోనైనా మాటా మాటా వచ్చిందా?"

"లేదక్కా. ఎవరో ఒక ప్రశ్న అడిగారు. జవాబు తెలీదు."

"తెలీదని చెప్పెయ్."

"పదకొండేళ్ళుగా తెలుసని చెప్తున్నాను."

బావ అప్పుడే వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచాడు. బావ సరంగు. తొమ్మిదిమంది కళాసీలతో వారం పది రోజులు సముద్రం మీదుండే పడవ నడుపుతాడు. రెండు నెలల నిషేధం ఇంకో పన్నెండు రోజుల్లో అయిపోతుంది. పడవకి అడుగు చెక్కలు మార్పించి, రంగులు వేయించి సిద్ధంగా ఉంచాడు. జెట్టీ మీద ఈమెని ఎవరు చూసినా అడిగేది ఒకటే. "రెండా, నాలుగా, తలకాయలమ్మా?" వచ్చిన కొత్తలో చేప వదిలేసి తలకాయ ఒక్కటే ఇమ్మని బుట్టల చుట్టూ తిరిగేదని ఆ పేరు పెట్టారు. బుధవారం ఆరు దేశాల కమిటీ కూర్చుంటుందని వాళ్ళకీ తెలుసు.

"బావా, వేలెడంత పసుపుపొట్టలు ఎక్కడ దొరుకుతాయి?"

"వేలెడంతవా? ఏం చేసుకుంటావు? పులుసుకి కూడా రావు."

"ఈ ఏడు పుట్టినవి కావాలి."

బావ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఆలోచించాడు. "ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, బురద నీళ్ళలో పెరుగుతాయి పిల్లలు. అక్కడ ఒక ముసలామె చేతివల వేస్తుంది, రొయ్య పిల్లల కోసం. దాంట్లో పడతాయి, పారేస్తుంది. రేపు పొద్దున తీసుకెళ్తాను పద. పడవ పని అయిపోయింది, నాకూ తోచడం లేదు."

*

శనివారం పొద్దున మోకాళ్ళ లోతు బురదలో ముసలామె వల లాగుతుంటే బావ కూడా దిగి రెండో కొస పట్టుకున్నాడు. ఆమె గట్టు మీద ఐస్ పెట్టె పట్టుకుని నిలబడింది. వలలో గుప్పెడు రొయ్య పిల్లలు, ఆకులు, ఒక పీత. మూడోసారి లాగినప్పుడు నాలుగు పసుపుపొట్ట పిల్లలు పడ్డాయి. వేలెడు కూడా లేవు. పొట్ట కింద పసుపు ఇంకా దిగలేదు, నిమ్మతొక్క రంగు ఛాయ మాత్రం ఉంది.

"ఇవేం చేసుకుంటావమ్మా?" అంది ముసలామె.

"వయసు చూడాలి."

"వయసా?" ముసలామె ఒక పిల్లని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "చలికాలం మొదట్లో గుడ్డు పగిలినవి. ఏటా అప్పుడే. ఇప్పటికి ఆర్నెల్లు, కాస్త ఇటూ అటూ. ఇంకో వారం ఆగితే ఇవి ఇక్కడ ఉండవు. ఉప్పునీళ్ళలోకి వెళ్ళిపోతాయి. వెళ్ళినవి వెళ్తానే ఉన్నాయి."

"వెళ్ళిన వాటిని చూశారా?"

"మొగ దాటాక, ఆ రాళ్ళ అవతల ఉంటాయి కొన్నాళ్ళు. ఇంకాస్త పెరుగుతాయి. అక్కడ నా వల అందదు."

బావకి అందింది. ముసలామె తాటిదోనె అడిగి తీసుకుని రాళ్ళ అవతలికి వెళ్ళి, మధ్యాహ్నానికి ఎనిమిది చేపలు తెచ్చాడు. మొగ లోపలివాటి కన్నా కాస్త పెద్దవి. మొహం ఎండకి కందిపోయింది. చేపల్ని ఒక్కొక్కటీ ఐసులో పేరుస్తూ, చిన్నపిల్లలకి పక్క సర్దుతున్నట్టు తోకలు సరిచేశాడు.

"పన్నెండు. చాలా?"

"చాలు బావా."

"ఇంతకీ ఎందుకో చెప్పవా?"

"చూశాక చెప్తాను."

"నీ లాబు రహస్యాలు నాకెందుకులే," అని దోనె కడగడానికి వెళ్ళాడు. సంతోషంగా ఉన్నాడు. రెండు నెలల తరవాత నీళ్ళ మీద ఒక పూట గడిపిన మనిషి అతను.

మధ్యాహ్నం లాబులో ఆమె ఒక్కతే. చిన్న చేప తల కోయడం పెద్ద చేప తల కోసినట్టు కాదు. కత్తి ఒక్క పిసరు ఎక్కువ దిగితే రాయి పొడైపోతుంది. బ్లేడుతో నుదురు పైన గీసి, బొటనవేలితో పుర్రె మూత లేపి, మెత్తటి గుజ్జులోకి చిమటా దించి, కంటికి కనిపించకముందే చిమటా కొసకి తగిలే గట్టిదనాన్ని పట్టుకుని పైకి తీయాలి. బియ్యపు నూకంత రాయి. నీళ్ళలో కడిగి, నల్లగుడ్డ మీద ఆరబెట్టి, ఏది ఏ చేపదో రాసిపెట్టింది. పన్నెండు జతలు. ఒకటి విరిగింది. జిగురు కలిపి పోత పోసేసరికి ఎండ కిటికీ దాటింది. గట్టిపడడానికి ఒక రోజు పైన పడుతుంది. ఆదివారం చేయడానికి ఏమీ లేకపోయినా రెండుసార్లు వెళ్ళి, గోరుతో జిగురు నొక్కి చూసి వచ్చింది.

*

సోమవారం రంపం మీద కోసి, నూరి, మొదటి పలకని దీపం కింద పెట్టింది. మొగ లోపల దొరికిన చేప. నడిమి చుక్క, చుట్టూ పొగలాంటి తెలుపు, అంచు దాకా ఏమీ లేదు. రెండోది, మూడోది, నాలుగోది అంతే. ఆమె ఊపిరి తేలికైంది.

ఐదోది రాళ్ళ అవతలిది. ఆర్నెల్లు దాటి కొన్ని వారాలు. చుక్క చుట్టూ తెలుపు, తెలుపు చుట్టూ సన్నగా, గుండ్రంగా, ఎక్కడా తెగకుండా గీత.

ఆమె దీపం తగ్గించింది. పెంచింది. పలక తిప్పి పెట్టింది. గీత కదలలేదు. ఆరోది. ఏడోది. రాళ్ళ అవతలి ఎనిమిదింటిలోనూ అదే గీత, అంతే దూరంలో. ఏరు వదిలి ఉప్పునీళ్ళలోకి వచ్చినప్పుడు ఒంటికి తగిలిన మార్పు అది. నీళ్ళు మారినందుకు పడిన గీత, ఏడాది నిండినందుకు కాదు. పెద్ద చేప రాయి పక్కన పెట్టి కొలిచింది. చుక్క నుంచి గీతకి దూరం ఒకటే. ఆమె పుస్తకం తొమ్మిదో పేజీలోని గీత ఇదే.

స్టూలు మీంచి లేచి చేతులు కడుక్కుంది. చేతులకి ఏమీ అంటలేదు, అయినా కడుక్కుంది. లాబు ఆ కొస నుంచి ఈ కొస దాకా అల్మైరాల్లో ట్రేలు, పదకొండేళ్ళవి. ప్రతి దాని మీదా ఆమె అంకెలు. ప్రతి అంకెలోనూ ఒకటి ఎక్కువ.

డైరెక్టరుగారు పలకలు చూశారు. ఆయన చేపలవాడే, పాతికేళ్ళ కిందట ఆమెని ఉద్యోగంలోకి తీసుకున్నదీ ఆయనే. మైక్రోస్కోపు దగ్గర చాలాసేపు వంగి, లేచి, నడుము పట్టుకున్నారు.

"పన్నెండు చేపలు," అన్నారు.

"అవునండి. గీత ఉన్నవి ఎనిమిదే."

"ఒక్క ఏటి దగ్గర, ఒక్క పూట పట్టినవి."

"అవునండి."

"ఈ పన్నెండింటితో ఆరు దేశాల పట్టిక మార్చమంటావా? ఎల్లుండి మీటింగు. నువ్వు చెప్పేది తప్పని నేననడం లేదు. వచ్చే ఏడాదికి కొత్త స్టడీ పెడదాం. ఆరు నదుల దగ్గర, వందల చేపలు. పద్ధతిగా చేద్దాం. నీ పేరు మీదే చేద్దాం."

"ఈ ఏడాది పట్టిక?"

"పాత లెక్కే."

"ఏడో నంబరు మీద ఉత్తరం వెళ్ళిపోయిందాండి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గురువారమే వెళ్ళింది. నువ్వు సంతకం పెట్టిన గంటకి."

ఆమె పలకలు ట్రేలో సర్దింది. ఆయనే అన్నారు, గొంతు తగ్గించి. "జెట్టీ మీద మూడొందల పడవలున్నాయి. మీ బావ పడవ కూడా. నేను నిన్ను ఆపలేను. చెప్పమనీ చెప్పను."

*

మంగళవారం బావకి చెప్పింది. జెట్టీలో పడవ మీద తాళ్ళు చుడుతున్నాడు. కొత్త రంగు వాసన. ఎవరూ దగ్గర్లో లేకుండా చూసి, పడవ అంచు మీద కూర్చుని మొదటి నుంచీ చెప్పింది. గీత గురించి చెప్పేటప్పుడు వేలితో చెక్క మీద గీసి చూపించింది. బావ తాడు చుట్టడం ఆపలేదు. చుట్ట పూర్తయ్యాక కొస లోపలికి దోపి, ఇంకో తాడు అందుకున్నాడు.

"నువ్వు చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?"

"ఈ ఏడాదికి తెలీదు."

"మరి నాకెందుకు చెప్తున్నావు?"

ఆమె చెక్క మీద వేలితో మళ్ళీ అదే గీత గీసింది.

"చేపలు చిన్నవవుతున్నాయని నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు బావ. "చూస్తూనే ఉన్నాను. ఏమంటే ఏమవుతుందోనని ఊరుకున్నాను. నాతో వచ్చే తొమ్మిది మందీ రెండు నెలల్నుంచి ఇటుకలు మోస్తున్నారు. పన్నెండు రోజులన్నాను వాళ్ళతో. ఇంకో రెండు నెలలు మొయ్యండ్రా అని నేను చెప్పాలి. నువ్వు కాదు."

"అవును."

"దోనెలో వెళ్ళి పట్టుకొచ్చింది కూడా నేనే." రెండో తాడు చుట్ట వదులైంది. విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. "తోకలు సర్ది మరీ ఇచ్చాను."

ఆ పూట అన్నానికి రాలేదు. అక్క రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి చూసి, గిన్నె మీద మూత పెట్టింది.

*

బుధవారం డైరెక్టరుగారి గదిలో గోడ మీద తెర దించారు. తెర మీద ఆరు గడులు, గడికో దేశం, గడికి ఇద్దరో ముగ్గురో మనుషులు. అధ్యక్షురాలు అవతలి తీరం నుంచి, నెమ్మదైన గొంతుతో ఎజెండా చదివింది. రెండో అంశం, వయసుల పట్టిక ఆమోదం. మూడో అంశం, ఏడో నంబరు రీడరు తొలగింపు. నాలుగోది, నిషేధం వ్యవధి.

"రెండో అంశం మీద ఎవరైనా మాట్లాడాలా?"

మామూలుగా అయితే ఎవరూ మాట్లాడరు. ఆమె చెయ్యెత్తింది. మైకు డైరెక్టరుగారి ముందుంది. ఆయన ఆమె వైపు చూడలేదు. కాగితాలు సర్దుకుంటున్నట్టుగా మోచేత్తో మైకుని ఆమె వైపు జరిపారు, సగం దాకా. మిగతా సగం ఆమె లాక్కుంది.

"ఒకటో నంబరు రీడరుని మాట్లాడుతున్నాను. నేను ఒక గీత ఎక్కువ లెక్కపెడుతున్నాను. పదకొండేళ్ళుగా."

తరవాత పన్నెండు ఫొటోలు ఒక్కొక్కటీ తెర మీద పెట్టింది. ఏ చేప ఎక్కడ దొరికిందో, ఎన్ని నెలలదో చెప్పింది. చివర నూట పద్నాలుగో రాయి పెట్టి, ఎర్ర పెన్సిలు గుర్తు అలాగే ఉంచి, ఇది గుర్తుపట్టింది నేను కాదు, ఏడో నంబరు, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను అంది. ఇక ప్రశ్నలొస్తాయని కాగితం, పెన్సిలు పట్టుకుని సిద్ధంగా కూర్చుంది. పన్నెండు చేపలేనా అంటారు. ఒక్క ఏరేనా అంటారు. వాటన్నిటికీ జవాబులు పొద్దున్నే రాసుకొచ్చింది.

ఎవరూ అడగలేదు. కింది వరస గడిలోంచి బట్టతల మనిషి ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"నేను నాలుగో నంబరు. మొదట్లో నేనూ ఆ గీత లెక్కపెట్టేవాణ్ణి కాదు. మీ పుస్తకం వచ్చాక మొదలుపెట్టాను."

పక్క గడిలో ఒకమ్మాయి, "మా పాత లెక్కల్లోనూ ఒకటి తక్కువే ఉండేది. పుస్తకం ప్రకారం దిద్దేశాం" అంది. ఆ అమ్మాయి పక్కనున్నాయన, "మేం రెండేళ్ళు వాదించుకున్నాం," అన్నాడు. "ఆఖరికి ఒకటో నంబరు కన్నా మనకేం తెలుసులే అనుకున్నాం."

పెన్సిలు బల్ల మీంచి దొర్లి కింద పడింది. ఆమె తీసుకోలేదు. తనొక్కతే తప్పు చూసిందని సిగ్గుపడటానికి సిద్ధపడి వచ్చింది. వాళ్ళెవరూ తప్పు చూడలేదు. సముద్రానికి ఆ తీరాన, ఈ తీరాన, ఒకరినొకరు ఎరగని మనుషులు సరిగ్గానే చూశారు. చూసింది చెరిపేసి, ఆమె చూసింది రాసుకున్నారు. ఒకళ్ళ అంకె ఒకళ్ళు చూడకూడదని అంత కట్టుదిట్టంగా పెట్టెలు తిప్పుకుంటూ, అందరూ తొమ్మిదో పేజీ తెరిచిపెట్టుకుని చదివారు. అంకెలు కలుస్తున్నాయని ప్రతి ఏడూ ఆమె సంతోషించింది.

పట్టిక ఆగింది. ఆరు దేశాలూ ఎవరి నదుల మొగల దగ్గర వాళ్ళు చిన్న చేపలు పట్టి, రాళ్ళు ఒకరికొకరు పంపించుకోవాలని, అది తేలేదాకా ఈ ఏడాదికి నిషేధం నాలుగు నెలలని రాసుకున్నారు. మూడో అంశం దగ్గర అధ్యక్షురాలు ఏడో నంబరు దేశం గడి వైపు చూసింది. అక్కడున్నాయన ఇబ్బందిగా కదిలాడు.

"ఉత్తరం అందగానే ఆవిణ్ణి మార్చేశాం. ఇప్పుడు సీసాలకి చీటీలు అంటించే పనిలో ఉన్నారు. వెనక్కి తీసుకొస్తాం."

*

నిషేధం మాట సాయంత్రానికల్లా జెట్టీకి చేరింది. తలకాయలమ్మా అని మరునాడు ఎవరూ పిలవలేదు. ఒకతను బుట్ట పక్కకి లాక్కున్నాడు. ఇంట్లో బావ అక్కతో మాట్లాడుతున్నాడు, అక్క ఆమెతో మాట్లాడుతోంది. ఆ రెంటికీ మధ్య దారి ఇంకా తెరుచుకోలేదు. బావ పొద్దున్నే కళాసీలతో పాటు ఇటుకల పనికి వెళ్ళాడని అక్క చెప్పింది. సరంగు ఇటుకలు మోయడం ఆ వీధిలో ఎవరూ చూసింది లేదు.

వారం తిరిగాక ఏడో నంబరుతో ఫోను కలిపారు. తెర మీద అరవై దగ్గరపడ్డ మనిషి, పొట్టిగా కత్తిరించిన జుట్టు, వెనక అరల్లో సీసాలు. ఆమె ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకుని వచ్చింది. నాలుగూ మరిచిపోయింది.

"నన్ను క్షమించండి," అంది.

ఏడో నంబరు ఆ మాటని పక్కన పెట్టినట్టు చేత్తో చిన్న సైగ చేసింది. ఉమ్మడి భాష ఆవిడకి అంతగా రాదు. ఒక్కో మాట వెతుక్కుంటూ, ముందు రాసుకున్నట్టుగా మాట్లాడింది.

"మూడేళ్ళలో రెండుసార్లు కళ్ళద్దాలు మార్చాను. డాక్టరు కళ్ళు బాగానే ఉన్నాయన్నాడు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయనా బాగానే ఉన్నాయన్నాడు. నేను నమ్మలేదు. మీ పుస్తకాన్ని నమ్మాను. అంకె మాత్రం నాకు కనిపించిందే రాశాను."

"మరి ఆ ప్రశ్న ఎందుకు రాశారు?"

"మూడేళ్ళు అంకెలు కలవకపోతే తీసేస్తారు. అదే చివరి పెట్టె అని తెలుసు. ఇక పోయేదేముంది?"

ఆవిడ వెనక ఎవరో సీసాల పెట్టె ఈడ్చుకెళ్ళారు.

"పదకొండేళ్ళ ట్రేలు మళ్ళీ చదవాలి," అంది ఆమె. "నలభై వేల రాళ్ళు. మొదటి ట్రే ఫొటోలు మీకు పంపించాను. ముందు మీరు చదివి అంకెలు చెప్పండి. నేను మీ వెనకే చదువుతాను."

ఏడో నంబరు తల అడ్డంగా ఊపింది. మొహంలో కోపం లేదు, పని దగ్గర కొత్తవాళ్ళు పొరపాటు చేస్తే సరిదిద్దే మనిషి మొహం అది.

"అలా వద్దు. విడివిడిగా చదువుదాం. లేకపోతే ఈసారి మీరు నన్ను చూసి మార్చుకుంటారు."

ఆమె సరేనంది. తెర ఆపేసింది. మైక్రోస్కోపు పక్కనున్న పుస్తకం తీసి గదిలో వేరే బల్ల మీద పెట్టి వచ్చి, మొదటి ట్రేలోంచి మొదటి పలక తీసి, దీపం వేసింది.